పైకి చూస్తే అవును

ఆ రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజులో, నుదురు నేలకానించే సజ్దాకి వంగాను. తిరిగి లేవలేకపోయాను. నుదురు జానమాజు చాప మీదే ఉండిపోయింది. అరచేతులు నేలకానించి బలం చేశాను. మోచేతులు నావి కానట్టు మడతపడ్డాయి.

వెనక మంచం మీద తస్బీహ్ పూసలు తిప్పుతున్న మా అత్తమ్మ నవ్వింది. "ఇయ్యాల దువా బాగా పెద్దగున్నదే రహీమా. నా మోకాళ్ళ నొప్పుల కోసం గూడ అడుగుతున్నవా ఏంది?"

"అత్తమ్మా, లేపు" అన్నాను. నమాజు మధ్యలో నేను మాట్లాడటం అదే మొదటిసారి.

మాది అశ్వారావుపేట. పరుపులు, దిండ్లు కుట్టే ఇల్లు. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న దూది మూటల మధ్య కూర్చోబెట్టి ఖురాన్ చదవడం, తెలుగు రాయడం రెండూ నేర్పాడు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. జబ్బు గురించి డాక్టర్లు నాకంటే బాగా రాస్తారు. జబ్బుతో పడుకున్న మనిషి తరఫున మాట్లాడేవాళ్ళు ఒకరుంటే ఏమవుతుందో మాత్రం నేను చెప్పగలను.

సజ్దాకి ముందే గుర్తులు కనిపించాయి. ఒక దావత్‌లో తిన్నది పడక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గి వారం కాకముందే పరుపు కుట్టే దబ్బనం వేళ్ళలోంచి జారిపోవడం మొదలైంది. దారం లాగబోతే పట్టు చిక్కేది కాదు. "తిండి లేక నీరసం" అనుకున్నాను. మా వీధి ఆర్‌ఎంపీ కూడా అదే అన్నాడు. సెలైన్ ఎక్కించి, అందులో పసుపు రంగు ఇంజెక్షన్ కలిపి, "బీ కాంప్లెక్స్ పడ్డది, సాయంత్రానికి ఉరుకుతవమ్మా" అన్నాడు. సాయంత్రానికి నేను కాలు కదపలేకపోయాను.

మా ఆయన మస్తాన్ కిరాయికి కారు మాట్లాడి ఖమ్మం తీసుకెళ్ళాడు. సత్తుపల్లి దాటాక దాహమేసి నీళ్ళు తాగితే అవి ముక్కులోంచి బయటికొచ్చాయి. డ్రైవర్ అద్దంలో చూసి వేగం పెంచాడు.

ఖమ్మం దవాఖానాలో నరాల డాక్టరుగారు చిన్న రబ్బరు సుత్తితో నా మోకాళ్ళ మీద కొట్టి చూశారు. "రిఫ్లెక్సెస్ లేవు" అన్నారు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. వెన్నులో సూది గుచ్చి నీరు తీశారు. తర్వాత మా ఆయనను నా మంచం దగ్గరికి పిలిచి చెప్పారు. "దీన్ని జీబీఎస్ అంటాం. ఒంట్లో ఇమ్యూనిటీ దారి తప్పి సొంత నరాల మీదే దాడి చేస్తుంది. ఐవీఐజీ అనే ఇంజెక్షన్లు ఇస్తాం. శ్వాస కండరాలు కూడా వీకైతే వెంటిలేటర్ పెట్టాలి."

"నయమైతదా సార్?"

"చాలామందికి అవుతుంది. ఎంత టైమ్ పడుతుందో చెప్పలేను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కదల్లేకపోయినా ఈమెకు స్పృహ ఉంటుంది, అన్నీ వినపడతాయి."

డాక్టరుగారు ఆ మాట చెప్పారు, నేను విన్నాను. ఆ గాభరాలో మా ఆయనకు మాత్రం అది ఎక్కలేదు.

ఐసీయూలో గంటగంటకూ వచ్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. ప్రతిసారీ ముందటి అంకె దాకా వెళ్ళలేకపోయేదాన్ని. చివరికి ఒకటి అనడానికే గాలి చాలలేదు. ఎవరో "ఇంట్యుబేట్ చేద్దాం" అన్నారు. నోట్లోంచి గొట్టం దిగింది. ఆ తర్వాత చాలాకాలం నాకు మాట లేదు.

అప్పటికి ముఖం కూడా చచ్చుబడింది. కళ్ళు మూతపడవు. తెరిచి ఉంచితే ఎండిపోతాయని ఆయింట్‌మెంట్ రాసి రెప్పల మీద టేపు వేసేవారు. అది నా మేలుకే. కానీ టేపు వేశాక అంతా చీకటి. మా వాళ్ళు వచ్చి నన్ను ఆ స్థితిలో చూసి, "కోమాల ఉన్నది" అనుకుని వెళ్ళిపోయేవారు. నేను లోపల కల్మా చదువుకుంటూ ఉండేదాన్ని. కాళ్ళు మండేవి. చెవి వెనక దురద పుట్టేది. గోక్కోలేకపోవడం ఎంత పెద్ద కష్టమో అంతకు ముందు నాకు తెలియదు.

అలాంటప్పుడు ఒక గొంతు దగ్గరగా వినిపించింది. "రహీమా గారూ, నేను ఎస్తేరుని. ఈ డ్యూటీ నర్సుని. మీ కళ్ళ మీద టేపు తీస్తున్నా. వెలుతురు గుచ్చుకుంటది, భయపడకండి."

టేపు తీసింది. గుండ్రటి ముఖం, మాస్కు పైన అలసిన కళ్ళు కనిపించాయి. "మీ కనుగుడ్లు కదుల్తున్నాయి. ఇక నుంచి మనకు అదే మాట. అవునంటే పైకి చూడండి. కాదంటే కిందికి. అర్థమైందా?"

పైకి చూశాను.

"హమ్మయ్య, ఒకళ్ళన్నా నా మాట వింటున్నారు. మా ఇంట్లో ఎవరూ వినరు" అంది. ముఖం కదిలితే నవ్వేదాన్ని.

ఎస్తేరు సిస్టర్‌ది ఎర్రుపాలెం వైపు. ముట్టుకునే ముందు ఏం చేయబోతోందో చెప్పి, ఒప్పుకున్నాకే చేసేది. "సక్షన్ చేస్తా, గొట్టంలో కఫం లాగుతా, దగ్గొస్తది. సరేనా?" "పక్కకు తిప్పుతున్నాం. నడుము నొప్పా? కాలా? మడమా?" ఒక్కో చోటు పేరూ చెప్పుకుంటూ పోయేది. నేను పైకి చూసిన చోట ఆపి దిండు సర్దేది. చివరికి చెవి వెనక దురదను కూడా ఇలాగే కనిపెట్టింది.

ఒకరోజు నా ఒళ్ళు తుడిచాక అడిగింది. "మీ వాళ్ళు వచ్చినప్పుడల్లా మీ తల వైపు చూసి ఇబ్బంది పడుతున్నారు. తల కప్పమంటారా?" నేను పైకి చూసి, చూపు దించలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి పరాయి మగవాళ్ళ ముందు నేను కొంగు తీయలేదు. అక్కడ పడుకున్నన్నాళ్ళూ ఆ సిగ్గు కాళ్ళ మంటకంటే ఎక్కువగా కాల్చింది. ఎస్తేరు ఆపరేషన్ థియేటర్లో వాడే ఆకుపచ్చ గుడ్డ ఒకటి తెచ్చి జుట్టు కనపడకుండా చుట్టింది. డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి సిస్టర్‌కు కూడా గట్టిగా చెప్పి వెళ్ళింది. "తల మీద గుడ్డ తియ్యొద్దు, ఆమె అడిగింది." "అడిగిందా? నోరే లేదుగా!" అని ఆ సిస్టర్ నవ్వింది. "నువ్వు అడిగి చూడు, చెప్తది" అంది ఎస్తేరు. కొందరు అడిగారు. కొందరికి అంత తీరిక లేదు. వాళ్ళను నేను తప్పుపట్టను, అన్ని మంచాలకూ ఇద్దరే ఉండేవారు. మా వాళ్ళకూ ఎస్తేరు చెప్పిందట, కనుగుడ్లు వాటంతటవే కదులుతున్నాయని అనుకున్నారు.

ఐవీఐజీ పూర్తయింది. ఒంట్లో మార్పు రాలేదు. దానికి తోడు జ్వరం వచ్చింది. "వెంటిలేటర్ న్యుమోనియా" అన్నారు. మందు మత్తు, జ్వరం కలిసి రోజులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎస్తేరు సిస్టర్ సెలవు మీద ఊరెళ్ళింది. టేపు తీసేవాళ్ళు లేరు.

అప్పుడే డాక్టరుగారు మా వాళ్ళను పిలిచి మాట్లాడారు. తర్వాత తెలిసిన సంగతి ఇది. "కండిషన్ క్రిటికల్‌గా ఉంది. నోట్లో గొట్టం ఇంకా ఉంచితే లోపల పుండు పడుతుంది. గొంతు దగ్గర కోసి ట్రెకియాస్టమీ చెయ్యాలి. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. మీరే ఆలోచించి చెప్పండి."

వాళ్ళ చెవుల్లో మిగిలింది "గొంతు కోసి" అన్న మాట ఒక్కటే. మా ఇళ్ళలో ఆ మాట బక్రీదు రోజు తప్ప వినపడదు. అత్తమ్మ మెట్ల మీదే కూలబడిందట. ఆమె అక్క హజ్ చేసి వచ్చింది, అందరూ హజ్జమ్మ అంటారు. ఇంట్లో ఆమె మాటే చివరి మాట. "మిషన్ మీద ఎన్నాళ్ళు హింస పెడ్తర్రా పిల్లను? గొంతు కోపిచ్చి సంపుతరా? ఇంటికి తీస్కపోదాం. మనోళ్ళ నడుమ, చెవిల కల్మా పడంగ పోనియ్యి" అంది. మా ఆయన అప్పటికే అందరికంటే ఎక్కువ అలిసిపోయాడు. సరేనన్నాడు. సంతకం పెట్టి తీసుకెళ్తామని దవాఖానాలో చెప్పారు.

నాకు మాత్రం ఇవేవీ తెలియవు. చీకట్లో పడుకుని ఉండగా తల దగ్గర చదువు వినిపించింది. గొంతు హజ్జమ్మది. చదువుతున్నది ఖురాన్‌లోని యాసీన్ సూరా.

యాసీన్ ఎవరి దగ్గర చదువుతారో నాకు తెలుసు. మా నాన్న చివరి ఘడియల్లో ఆయన తల దగ్గర చదివింది నేనే.

చావంటే భయం లేదని అనుకునేదాన్ని. అల్లా పిలిస్తే వెళ్ళాల్సిందే. కానీ ఆ రోజు పిలిచింది అల్లా కాదు, మా వాళ్ళు పొరపడుతున్నారు. నేను ఉన్నానని చెప్పడానికి ఒంట్లో కదిలే వేలు ఒక్కటీ లేదు. లోపల అరిచాను. మిషన్ తన లెక్కన తాను గాలి ఊదుతూనే ఉంది. అరుపు ఆ గాలిలోనే పోయింది.

యాసీన్ అయిపోయింది. సీసా మూత తిప్పిన చప్పుడు. మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళు హజ్జమ్మ ఎప్పుడూ చిన్న సీసాలో దగ్గర పెట్టుకుంటుంది. చల్లటి వేలు నా పెదవి మూల తెరిచింది. మింగలేని నోట్లో నీళ్ళు పోస్తే ఎక్కడికి పోతాయో నాకు సత్తుపల్లి దారిలోనే తెలిసింది.

"అమ్మా! ఆగండి!"

ఎస్తేరు సిస్టర్ గొంతు. సెలవు ముగించుకుని ఆ పూటే డ్యూటీలోకి వచ్చింది. హజ్జమ్మ చేయి పట్టుకున్నట్టుంది, గాజులు మంచం కడ్డీకి తగిలాయి.

"చెయ్యి ఇడువమ్మా. ఇది జమ్‌జమ్. పోయేదాని గొంతు తడపొద్దా?"

"నీళ్ళు మంచివే అమ్మా. ఈమె మింగలేదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అసలు పోతుందని ఎవరన్నారు?"

"ఎవరో అనుడెందుకు, కనవడ్తలేదా? తోల్కపోతున్నం. కింద అంబులెన్స్ వచ్చింది."

ఎస్తేరు సిస్టర్ చాలా మెల్లగా అడిగింది. "ఈమెను అడిగారా?"

"ఎవర్ని?"

"రహీమా గారిని."

ఇన్‌ఛార్జ్ సిస్టర్ వచ్చినట్టుంది. "ఎస్తేరూ, ఫ్యామిలీ నిర్ణయం తీసుకుంది. సంతకం వాళ్ళది, నీకెందుకు? రేపు మాటొస్తే నీ మీదికే వస్తది."

"రానివ్వండి మేడం. వాళ్ళు తీసుకుపోతానంటే నేనెవర్ని ఆపడానికి? పేషెంట్‌కి స్పృహ ఉంది. అడక్కుండా గొట్టం తియ్యడానికి నా చేతులు రావు. సార్‌ని పిలుస్తా. సార్ ముందే అడుగుదాం."

డాక్టరుగారు ఇంకో పేషెంటు దగ్గర ప్రొసీజర్‌లో ఉన్నారు. రావడానికి టైమ్ పడుతుందన్నారు. ఈలోగా అంబులెన్స్ మనిషి పైకి వచ్చి, "పేషెంట్‌ని దించుతున్నరా లేదా? నాకు ఇంకో కేసున్నది" అన్నాడు. "దించుతం" అంది హజ్జమ్మ. "ఆగాలి" అంది ఎస్తేరు. మా ఆయన ఏడ్చేముందు గొంతు సవరించుకుంటాడు. ఆ చప్పుడు విన్నాను.

ఎస్తేరు సిస్టర్ నా చెవి దగ్గర వంగింది. "టేపు తీస్తున్నా రహీమా గారూ. జ్వరం మత్తుంది, నాకు తెలుసు. నిద్రపోకండి. సార్ వచ్చేదాకా నన్ను చూస్తూ ఉండండి."

వెలుతురు కళ్ళలో పొడిచింది. జ్వరం నన్ను కిందికి లాగుతోంది. ఆమె మాస్కు అంచున ఊడిన దారప్పోగు ఒకటి ఉంది. దాన్నే పట్టుకుని చూస్తూ ఉన్నాను. మనసులో అల్లాను అడిగింది ఒక్కటే. నన్ను మేలుకొలిపి ఉంచు.

డాక్టరుగారు వచ్చారు. ఎస్తేరు సంగతి చెప్పి, పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదని అందరికీ వివరించింది. "మంచి పని చేశావ్" అన్నారాయన, కుర్చీ లాక్కుని నా కళ్ళ ఎత్తుకు కూర్చున్నారు. "అడగండి మస్తాన్ గారూ. మీ గొంతైతే ఆమెకు అలవాటు."

మా ఆయన నా ముఖం మీదికి వంగాడు. గడ్డం పెరిగిపోయి మనిషి ముసలివాడిలా కనిపించాడు. "రహీమా, ఇంటికి పోదామా?"

ఇంటికి. ఆ మాట వినగానే మా ముంగిట్లో ఆరబోసిన దూది కనిపించింది. నేను ఆలోచించలేదు. పైకి చూశాను.

"చూసినవా సిస్టర్?" మా ఆయన బోరుమన్నాడు. "వస్తనంటున్నది. నా భార్య ఇంటికొస్తనంటున్నది!"

"నేను చెప్పలే?" అంది హజ్జమ్మ. అంబులెన్స్ మనిషి స్ట్రెచర్ మీద చేయి వేశాడు.

నేను కిందికి చూశాను. మళ్ళీ మళ్ళీ కిందికి చూశాను. అప్పటికే అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. నా ముఖం చూస్తున్నది ఎస్తేరు సిస్టర్ ఒక్కతే.

"సార్! కాదంటున్నారు. చూడండి, కాదంటున్నారు."

"ఇప్పుడే గదమ్మా అవునన్నది!"

"ఇంటికి రావాలని ఎవరికుండదన్నా? ఇంటికి పోతే ఈ మిషన్ ఉండదని మీరు చెప్పలేదుగా. ఒక్కొక్కటే అడగాలి సార్."

డాక్టరుగారు చేయి ఎత్తి అందరినీ ఆపారు. నా కళ్ళలోకి చూసి నెమ్మదిగా చెప్పారు. "రహీమా గారూ, ఇంటికి వెళ్తే వెంటిలేటర్ ఉండదు. అది లేకపోతే మీకు ఊపిరి ఆడదు, ప్రాణం నిలవదు. ఇక్కడుంటే గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం అక్కడ పెడతాను. నోరు ఖాళీ అవుతుంది. ఎన్నాళ్ళని మాట ఇవ్వలేను. కష్టంగానే ఉంటుంది. మిషన్ తీసేసి ఇంటికి పంపమంటారా?"

కిందికి చూశాను.

"ఇక్కడే ఉండి ఆ ఆపరేషన్ చేయించుకుంటారా?"

పైకి చూశాను. ఈసారి చూపు దించలేదు. వాళ్ళు చాలనేదాకా దించలేదు.

మా ఆయన నా మంచం కడ్డీకి తల ఆనించాడు. హజ్జమ్మ సీసా పట్టుకుని నా మీదికి వంగింది. "బిడ్డా, ఇంటున్నవా నువ్వు? నేను చదివింది గూడ ఇన్నవా?" అంది. పైకి చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎస్తేరు సిస్టర్ ఒక చిన్న దూది ఉండ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "మీ నీళ్ళల్లో ముంచి, గట్టిగా పిండి, పెదాల మీద మాత్రం అద్దండి అమ్మా. అంతవరకు నేను ఒప్పుకుంటా." ఆ ముసలి వేళ్ళు ఎన్ని వేల దిండ్లలో దూది కూరాయో. అంత మెత్తగా అద్దడం నేనెప్పుడూ చూడలేదు.

ఆపరేషన్ జరిగింది. న్యుమోనియా తగ్గడానికి మందులు మార్చాల్సి వచ్చింది. మిషన్ నుంచి విడిపించడానికి చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. నాకు ఊపిరి అందకపోవడంతో మళ్ళీ పెట్టేశారు. ఆ రోజు మాత్రం నేను ఓడిపోయాననుకున్నాను. "తొందరేముంది, మళ్ళీ చూద్దాం" అన్నారు డాక్టరుగారు. తర్వాత ఒక ఉదయం ఎడమ బొటనవేలు కదిలింది. ఫిజియోథెరపీ అబ్బాయి అందరినీ పిలిచి చూపించాడు, అదేదో జాతర అన్నట్టు. గొంతు గొట్టానికి మూత పెట్టి మాట్లాడమన్న రోజు ఇంటిల్లిపాదీ వచ్చారు. నేను అల్లా పేరు తలుస్తానని అత్తమ్మ ఎదురుచూసిందట. అది లోపల తలుచుకుని, పైకి మా ఆయనను అడిగాను. "దుకాణం తీస్తున్నవా, లేదా?"

దవాఖానా నుంచి వచ్చే రోజు ఎస్తేరు సిస్టర్ చేయి పట్టుకుని, "నువ్వు కొట్లాడి నన్ను నిలబెట్టినవ్" అన్నాను. ఆమె నవ్వింది. "కొట్లాడిందేముంది? కాసేపు ఆగమన్నా. చెప్పింది మీరేగా." మేము కుట్టిన బూరుగు దూది దిండు మీదే ఇప్పుడు ఆమె పడుకుంటుంది. మెడ నొప్పి పోయిందని ఫోన్‌లో చెప్పింది. నేను దువా చేసేటప్పుడు డాక్టరుగారి పేరు, ఆమె పేరు, వేగం పెంచిన ఆ డ్రైవర్ ముఖం, అన్నీ వస్తాయి. అల్హమ్దులిల్లాహ్, అల్లాకే స్తుతి.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాను. కుడి పాదం కొద్దిగా ఈడుస్తుంది. నమాజు కుర్చీలో కూర్చునే చేస్తాను. దబ్బనం మందపాటి పరుపులోంచి దూర్చే బలం ఇంకా రాలేదు, దిండ్లు మాత్రం కుడతాను. మొన్న ఒక దావత్‌కి వెళితే వడ్డించే ఆమె నా కర్ర చూసి, నా పక్కనున్న మా ఆయనను అడిగింది. "ఈమె బిర్యానీ తింటదా అన్నా?" మా ఆయన జవాబు చెప్పేలోపే అవతలి వరస నుంచి హజ్జమ్మ గట్టిగా అంది. "ఆయన్నెందుకే అడుగుతవ్? ఆమెనే అడుగు!"

చదివేవాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే. మీ మనిషి మాట్లాడలేని స్థితిలో ఐసీయూలో ఉంటే, లోపలికి వెళ్ళగానే అక్కడి సిస్టర్‌ను అడగండి: "మా మనిషి అవును, కాదు ఎలా చెప్తారు?" కన్నో వేలో, ఏదో ఒకటి ఉందేమో వాళ్ళతో కలిసి వెతకండి. దొరికితే ప్రతి డ్యూటీ సిస్టర్‌కూ చెప్పండి. ఒకసారికి ఒక్క ప్రశ్నే వేయండి. వేశాక మీలో మీరు మాట్లాడుకోకండి. ఆ ముఖం వైపే చూస్తూ ఉండండి. నేను రెండోసారి చెప్పిన జవాబు, చూస్తున్న ఒక్క మనిషికే కనిపించింది.